మాస్టారు పడిపోవడానికి అనుమతి

కొట్టడం వచ్చినవాళ్లు ఏ ఊళ్లోనైనా నలుగురు దొరుకుతారు. కొట్టించుకుని అందంగా పడిపోవడం వచ్చిన మనిషి సామర్లకోట మొత్తానికి చిదంబరం మాస్టారు ఒక్కరే.

ఆయన హైస్కూల్లో సోషల్ చెబుతారు. ఈనెపుల్లకి చొక్కా తొడిగినట్టుంటారు. జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎర్రది. కరాటే, కుంగ్‌ఫూలలో మీ పాండిత్యం ఎంతండీ అని ఎవరైనా అడిగితే, అవి పుట్టిన దేశాలను మ్యాపులో గుర్తించగలనని చెప్పేవారు. ఇంకా లోతుగా అడిగితే మ్యాపు తెమ్మనేవారు.

అటువంటి మనిషి ఒక కుంగ్‌ఫూ మండలిలో ముఖ్య సభ్యుడు. దాని పేరు దభేల్ మండలి. పెట్టింది ఆయన భార్య కస్తూరి. పోస్టాఫీసులో పనిచేసేది. చిన్నప్పుడు టూరింగు టాకీసులో, నేల టిక్కెట్టు మీద, ఫైటింగు సినిమాలు తెగ చూసింది. అందరూ హీరోని చూస్తుంటే ఆవిడ పడిపోయేవాళ్లను చూసేదట.

"కొట్టేవాడు ఒక్కడేనండీ. పడేవాళ్లు ఎంతమంది! పాపం, వాళ్లకోసం చప్పట్లు కొట్టేవాడు ఒక్కడూ ఉండడే," అనేది.

ఆ జాలితోనే మండలి పుట్టింది. సభ్యుల్లో పిండిమర నూకరాజు ఒక్కడికే నిజంగా కరాటే వచ్చు. అందుచేత మండలిలో అందరికంటే ప్రమాదకరమైనవాడు అతనే. తగలకుండా కొట్టడం అతనికి చేతకాదు. మరలో పనిచేసే ఇద్దరు, కస్తూరితో పోస్టాఫీసులో పనిచేసే మంగతాయారు, మాస్టారు, అంతే జనం. ఏటా శీతాకాలంలో విశాఖపట్నంలో అభిమాన మహోత్సవం జరుగుతుంది. సినిమాలూ బొమ్మల కథలూ అభిమానించేవాళ్లందరూ తమకిష్టమైన పాత్రల వేషాలేసుకుని అక్కడికి వస్తారు. రెక్కలవాళ్లు, తోకలవాళ్లు, ముసుగులవాళ్లు మిరపకాయ బజ్జీల దగ్గర క్యూ కడతారు. వాళ్ల ముందు దభేల్ మండలి ఏటా ఒకటే ఐటెం వేస్తుంది. "గరిటె గురువమ్మ."

కథ అంటూ ఏమీ లేదు. గురువమ్మ జనానికి వీపు పెట్టి స్టవ్వు మీద ఉప్మా కలుపుతూ ఉంటుంది. వీరులు ఒకరి తర్వాత ఒకరు అరుస్తూ మీదికొస్తారు. ఆవిడ వెనక్కి తిరగకుండానే గరిటెతో ఒక్కొక్కటి తగిలిస్తుంది. వాళ్లు దభేలుమని పడతారు. ఆఖరివాడు మాస్టారు. నెత్తిమీద గరిటె టంగుమంటుంది. మాస్టారు పడరు. కళ్లజోడు సర్దుకుంటారు. జేబులో పెన్ను ఉందో లేదో చూసుకుంటారు. బల్లమీద ఏదో మరిచిపోయినవాడిలా ఒకసారి అటూ ఇటూ చూస్తారు. జనం నవ్వడం మొదలుపెట్టాక, నవ్వు బాగా ముదిరాక, అప్పుడు మడతమంచం వాల్చినట్టు నిటారుగా వెనక్కి పడతారు.

ఇది ఒక పొరపాటులోంచి వచ్చింది. మొదట్లో ఒక రిహార్సల్‌లో మాస్టారు పరీక్షల డ్యూటీ గురించి ఆలోచిస్తూ పడటం మరిచిపోయారు. కస్తూరి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అదే ఉంచెయ్యండి. దెబ్బ తగిలిందన్న సంగతి మీదాకా రావడానికి కొంచెం టైం పడుతుంది. మీ అందమే అది," అంది.

మాస్టారికి దాచుకునే లాభం ఇంకొకటి ఉండేది. గురువమ్మ మొహం జనానికి కనపడదు. వెల్లకిలా పడ్డాక నేలమీంచి చూస్తే మాస్టారికి మాత్రం కనపడేది. గురువమ్మ నవ్వకూడదు. కస్తూరి పెదవులు బిగబట్టి, బుగ్గలు పొంగించి, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే ఉప్మా కలిపేది. ఆ ఒక్క దృశ్యం కోసమే తను ఏటా నడుం విరగ్గొట్టుకుంటున్నానని మాస్టారు ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి కూడా.

శ్రావణంలో కస్తూరి పోయింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్లారు, తిరిగి రాలేదు. ఆ సంగతి ఇంతకంటే పొడుగ్గా చెప్పడం మాస్టారికి రాదు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఆయనే కుర్చీలు వేశారు. వాళ్లు, మాస్టారు గట్టి మనిషి, కంట తడి లేదు అనుకుంటూ వెళ్లారు. కర్మ అయ్యాక బడికెళ్లి రెండో ప్రపంచయుద్ధం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. తను గట్టివాడు కాదని మాస్టారికి తెలుసు. తనది ఆలస్యం.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఆయన పిండిమర దగ్గరికెళ్లి, ఈ ఏడు కూడా ఐటెం వేద్దామన్నారు. నూకరాజు బెల్టు ఆపేశాడు.

"ఎందుకండీ మాస్టారూ? ఈ ఏడికి మానేద్దామండి. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఒక్కసారి పడాలి నూకరాజూ. అంతే."

"ఆయ్," అన్నాడు నూకరాజు. మొహం నిండా పిండి ఉండటం వల్ల అతని మొహంలో ఏముందో తెలియలేదు.

గురువమ్మగా మంగతాయారు ఒప్పుకుంది. ఏళ్ల తరబడి ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన చెయ్యి కాబట్టి గరిటె బాగానే ఆడింది. అంతా సిద్ధమయ్యాక విశాఖ నుంచి ఫోనొచ్చింది. ఈ ఏటి నుంచి మహోత్సవంలో కొత్త రూలు వచ్చిందని, ఎవరు పడాలన్నా ముందు అనుమతి తీసుకోవాలని.

రూలు వెనక కారణం ఉంది. పోయినేడు రెక్కల వీరుడి వేషం వేసుకున్న ఒకాయన మెట్లెక్కుతూ, ఒలికిన షర్బత్ మీద కాలు జారి పడ్డాడు. రెక్కల వీరుడు పడటమా అని అతని అభిమానులు కుర్చీలు విరగ్గొట్టారు. నేల క్షమాపణ చెప్పాలన్నారు. నేల తరఫున మహోత్సవ సమాఖ్య అధ్యక్షులు చెప్పారు. ఆ మర్నాడే సమాఖ్యలో మనోభావ పరిరక్షణ విభాగం ఏర్పడింది.

విభాగం కార్యదర్శి త్రిలోచనరావుగారు తహసీల్దారుగా రిటైరైన మనిషి. రిటైరైంది మనిషే కాని భాష కాదు. విశాఖ వచ్చిన మాస్టారినీ నూకరాజునీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"సదరు ఐటెములో ఓటమి పాలగు పాత్రలు ఏవేవి?"

"పచ్చబట్టల వీరుడండి. అది నేనేనండి," అన్నాడు నూకరాజు.

"పచ్చబట్టల పాత్రలకు అభిమాన సంఘము కలదు. ఓడించుటకు వీలులేదు."

"పోనీ నల్ల ముసుగు వేసుకుంటానండి."

"నల్ల ముసుగునకు రెండు సంఘములు కలవు. రెండును విడివిడిగా బాధపడును."

"అయితే విలను వేషం కడతానండి. విలనంటే దెబ్బలు తినాలి కదండీ!"

కార్యదర్శిగారు జాలిగా చూశారు. "విలనుల అభిమానులు మిక్కిలి సున్నిత హృదయులు. తమరికి తెలియదు."

"దెయ్యమండీ?"

"గత సంవత్సరము దెయ్యమునకు జరిగిన పరాభవముపై విచారణ ఇంకనూ నడుచుచున్నది."

నూకరాజు మాస్టారి వైపు చూశాడు. కార్యదర్శిగారు దయగల మనిషే. ఆయనే ఒక దారి చూపించారు. దెబ్బ తిన్న వీరులు పడటానికి బదులు గౌరవప్రదంగా ఆసీనులు కావచ్చు. వేదిక మీద కుర్చీలు సమాఖ్యే వేస్తుంది. ఆసీనులైన వారికి మర్యాద చేయడం కూడా సమాఖ్య బాధ్యత.

"అలాగేనండి. కాని ఆఖరివాడు మాత్రం పడాలండి," అన్నారు మాస్టారు.

"ఆసీనుడైన చాలదా?"

"చాలదండి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక అధికారి మాటకు మాస్టారు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆయన ఒకసారి వెనక్కి చూసుకున్నారు కూడా.

"నేను ఏ పాత్రా వెయ్యనండి. నా చొక్కా, నా కళ్లజోడు, నా పెన్నులు. నాలాగే ఉంటాను, నాలాగే పడతాను. ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. నాకు అభిమానులు లేరు."

కార్యదర్శిగారు కలం కింద పెట్టారు. "అభిమానులు లేరని తమరు చెప్పిన సరిపోదు. నిర్ధారించువారెవరు?"

"మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారండి."

"అడుగుదుము," అన్నారు కార్యదర్శిగారు.

నిజంగానే అడిగారు. మరుసటి వారం మైకు కట్టిన ఆటోలో కార్యదర్శిగారు, ఆయన బంట్రోతు అప్పలస్వామి సామర్లకోట వచ్చారు. అభిమానులు గుర్తుపట్టడానికి వీలుగా సదరు వ్యక్తి కూడా ఆటోలో కనపడాలని రూలు. మాస్టారు డ్రైవరు పక్కన సర్దుకు కూర్చున్నారు. ఆటో స్టేషను రోడ్డు ఎక్కాక గాని ఆయన ఒక సంగతి గమనించలేదు. ఆ పూట ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తల కూడా రెండోసారి దువ్వుకున్నారు. అభిమానులు లేరని రుజువు చేసుకోబోయేవాడికి ఇదెందుకో ఆయనకే అర్థం కాలేదు.

"యావన్మందికీ తెలియజేయునదేమనగా," అని అప్పలస్వామి కంచు గొంతుతో అందుకున్నాడు. "ఈ ఆటోలో కూచున్న చిదంబరం మాస్టారుగారికి అభిమానులెవులైనా ఉంటే సాయంత్రం లోపల ముందుకు రావాల! రాకపోతే లేరని రాసుకుంటారహో!"

జనం ఇళ్లలోంచి తొంగి చూశారు.

"ఏంటండి, మాస్టారు ఎలక్షన్లలో నిలబడ్డారా?" అని ఒక కూరగాయలావిడ అడిగింది.

"కాదమ్మా. నీకీయనంటే అభిమానవేనా?" అన్నాడు అప్పలస్వామి.

"అభిమానమెందుకు లేదు, బంగారంలాంటి మనిషి. కాని వంకాయలు మరీ ఏరి తీసుకుంటారండి."

కార్యదర్శిగారు ఒక్క క్షణం ఆలోచించి, ఇది సాధారణ గౌరవమే కాని అభిమానము కాదని తేల్చారు. మాస్టారి దగ్గర చదివి ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న ఒకాయన, మొగలు సామ్రాజ్య పతనానికి కారణాలు తనచేత నలభైసార్లు రాయించిన మనిషికి అభిమానులుంటారా అని ఎదురు ప్రశ్న వేశాడు. బళ్లో పదో తరగతి పిల్లలను లేపి, మాస్టారంటే అభిమానం ఉన్నవాళ్లు చేతులెత్తండి అన్నారు. ఎత్తినవాళ్లకు ఆదివారం స్పెషల్ క్లాసు పెడతారేమోనని ఒక్కడూ ఎత్తలేదు.

హెడ్మాస్టరుగారు స్వయంగా వాంగ్మూలం ఇచ్చారు. "మా సిబ్బంది యావత్తూ క్రమశిక్షణ గలవారండి. అభిమానులు గట్రా ఎవరూ లేరు. అటువంటివి మేం ప్రోత్సహించం."

మధ్యాహ్నానికి మాస్టారికి బోలెడంత ఊరట కలిగింది. ఊరటతో పాటు ఇంకొకటేదో కూడా కలిగింది గాని, దానికి పేరు పెట్టడం సోషల్ పాఠ్యప్రణాళికలో లేదు.

ఇంటి విచారణ మిగిలింది. కార్యదర్శిగారు ముందు గదిలో కూర్చుని మంచినీళ్లు తాగారు. అప్పలస్వామి మైకు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వంటింటి గోడకి గరిటె వేలాడుతూ ఉంది.

"గృహమునందు ఎవరైనా అభిమానించుట కలదా? మీ సతీమణిగారు?"

"ఉండేదండి."

"మీరు పడినప్పుడు ఆమె నవ్వెడివారా?"

"నవ్వేదండి."

"నవ్వుట రెండు విధములు. ఎగతాళి వేరు, అభిమానము వేరు."

పిల్లలకు తప్పు చెప్పకూడదన్న అలవాటు మాస్టారికి ఇక్కడ కూడా అడ్డొచ్చింది. "రెండూనండి," అన్నారు. "నవ్వు ఆపుకునేది. ఆగేది కాదు. నేను కింద పడి ఉంటానండి, పైనుంచి చూసేది."

"ఆమెను పిలిపించగలరా?"

మాస్టారు గోడ వైపు చూశారు. కార్యదర్శిగారు కూడా అటు చూశారు. అక్కడ ఫోటో ఉంది. దానికి దండ ఉంది. అప్పలస్వామి మైకు మీట నొక్కి ఆపేశాడు. అది అప్పటిదాకా ఆన్లోనే ఉందని, సతీమణిగారి సంగతంతా వీధి వీధంతా విన్నదని అప్పుడు తెలిసింది.

కార్యదర్శిగారు సంచిలోంచి పుస్తకం తీశారు. రూలు ఆయనకి కంఠతా వచ్చు, కాని ఎందుకో పుస్తకంలో చూసి చదివారు. "అభిమానము వ్యక్తితో కూడినది. వారసత్వముగా సంక్రమించదు. కావున... కావున తమరికి అభిమానులు ఎవరును లేరు. తమరు పడవచ్చును."

"చాలా సంతోషమండి," అన్నారు మాస్టారు. ఆ సందర్భంలో ఇంకేమనాలో ఆయనకి తోచలేదు.

వెళ్లేటప్పుడు అప్పలస్వామి ఆఖరున ఉండిపోయాడు. పొద్దుణ్ణుంచీ ఈయన పేరు పట్టుకుని ఊరంతా అరిచిన మనిషి.

"బాబూ, ఆ పడ్డవేటో ఒకపాలి సూపిత్తారేటి?"

"ఇక్కడ బండల మీద కాదయ్యా. అక్కడికొచ్చాక చూద్దువుగాని."

మహోత్సవం రోజున హాలు కిటకిటలాడింది. దభేల్ మండలి వంతు భోజనాలయ్యాక వచ్చింది. స్టవ్వు, గిన్నె, పక్కన గోనెసంచుల మీద జంపఖానా. ఇంకోపక్క సమాఖ్యవారి తెల్లగుడ్డల కుర్చీలు. వాటి వెనక బిళ్ల పెట్టుకుని అప్పలస్వామి, అతనిలాంటి బలమైన మనిషి ఇంకొకడు. మొదటి వరసలో కార్యదర్శిగారు. మంగతాయారు జనానికి వీపు పెట్టి ఉప్మా కలపడం మొదలుపెట్టింది.

నూకరాజు పచ్చబట్టల్లో గాల్లోకి ఎగిరి, హాలు అదిరేలా అరిచి, గురువమ్మ మీదికి దూకాడు. గరిటె టంగుమంది. నూకరాజు గింగిరాలు తిరిగి, గుండె పట్టుకుని, కళ్లు తేలేసి, అక్కడితో ఆగి, చొక్కా సర్దుకుని, కార్యదర్శిగారికి నమస్కారం పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. కాలుమీద కాలేసుకున్నాడు. మర్యాద రూలు ప్రకారం అప్పలస్వామి అతనికి మజ్జిగ గ్లాసు అందించాడు.

జనానికి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. రెండోవాడు దెబ్బతిని, నురగలు కక్కుతూ వచ్చి నూకరాజు పక్కన కూర్చుని, "బావున్నారాండి?" అని పలకరించేసరికి హాలు గొల్లుమంది. మూడోవాడికి మజ్జిగలో ఉప్పు తక్కువైంది. సమాఖ్య రూలు ఇంత బాగా నవ్విస్తుందని కస్తూరికి కూడా తట్టి ఉండదు. తను ఇన్నేళ్లు నడుం విరగ్గొట్టుకున్నది దండగేనా అని మాస్టారు తెర వెనక ఒక్కసారి అనుకున్నారు.

తర్వాత ఆయన వంతు. మాస్టారు చేతులు తిప్పుకుంటూ వచ్చారు. కుంగ్‌ఫూ భంగిమ పెట్టబోయి బోర్డు తుడిచే భంగిమ పెట్టారు. అది నటన కాదు, ఆయనకి వచ్చింది అదే. గరిటె నెత్తిమీద టంగుమంది.

మాస్టారు నిలబడ్డారు.

కళ్లజోడు సర్దుకున్నారు. పెన్నులు చూసుకున్నారు. ఎర్రది తీసి, మూత బిగించి, మళ్లీ పెట్టుకున్నారు. అటూ ఇటూ చూశారు. ఈసారి వెతకడం కొంచెం ఎక్కువసేపు సాగింది. నవ్వు వెనక వరసల్లో పుట్టి ముందుకు పాకింది. తోకలవాళ్లు బెంచీలెక్కారు. ఎవరో ఈల వేశారు. ఒక మూలనుంచి "మాస్టారూ!" అని కేక వచ్చింది. మరో మూల అందుకుంది. కాసేపటికి హాలంతా ఒకే లయలో "మాస్టారూ! మాస్టారూ!" అంటూ చప్పట్లు కొడుతోంది.

మాస్టారు వెనక్కి వాలారు.

"నిలుపుదల! నిలుపుదల!" అంటూ కార్యదర్శిగారు వేదికెక్కారు. "సదరు వ్యక్తికి ఇప్పుడే అభిమానులు ఏర్పడినట్లు విభాగము దృష్టికి వచ్చినది. ధ్రువీకరణ రద్దైనది. పడనివ్వరాదు! పట్టుకొనుడు!"

అప్పలస్వామి, అతని పక్కనున్న బలమైన మనిషి వెనకనుంచి దూకి మాస్టారిని చంకల కింద పట్టుకున్నారు. మాస్టారు గోడకి ఆనించిన నిచ్చెనలా ఏటవాలుగా ఆగిపోయారు.

నూకరాజు మజ్జిగ గ్లాసుతో సహా లేచాడు. "అదేంటండీ! ఆయన సగం పడిపోయారండి!"

"మిగిలిన సగమునకు అనుమతి లేదు."

"పోనీ తిరిగి నిలబెట్టెయ్యండి!"

"ఆమోదించిన ప్రదర్శనను మార్చినట్లగును. అందులకు వేరే అనుమతి కావలెను." కార్యదర్శిగారి నుదుటిమీద చెమట పట్టింది. రూలు రాసినప్పుడు మనిషి నిలబడటానికీ పడటానికీ మధ్యలో కూడా కొంతసేపు ఉంటాడని ఆయనకి తోచలేదు. "తమరి అభిప్రాయమేమి?" అని ఏటవాలు మాస్టారిని అడిగారు.

"కళ్లజోడు జారుతోందండి," అన్నారు మాస్టారు.

కార్యదర్శిగారే ముందుకు వంగి దాన్ని సరిగ్గా పెట్టారు. మాస్టారికి హాలు పైకప్పు, లైట్లు, ఒక మూల మంగతాయారు చెవి కనిపిస్తున్నాయి. శ్రావణం నుంచీ తను సరిగ్గా ఇలాగే ఉన్నానని ఆయనకి అనిపించింది. ఇప్పుడు ఊరికే బయటికి కనపడుతోంది, అంతే. పైగా ఇద్దరు మనుషులకు శ్రమ.

గురువమ్మ వెనక్కి తిరక్కూడదు. అయినా మంగతాయారు గరిటెతో సహా తిరిగింది.

"ఏమండీ, అభిమానుల మనోభావాలే కదండీ మీ బాధ? వాళ్లెదురుగానే ఉన్నారు. వాళ్లనే అడగొచ్చు కదండీ!"

కార్యదర్శిగారు పైకి, కిందికి, పుస్తకంలోకి చూశారు. "రూలులో లేదు. అయినను రూలునకు విరుద్ధము కాదు," అన్నారు, ఒడ్డు దొరికిన మనిషిలా. మైకు అందుకున్నారు. "సదరు చిదంబరముగారు పడుటకు ఆయన అభిమానులకు సమ్మతమేనా? సమ్మతించువారు చేతులెత్తవలెను!"

"ఒక చెయ్యా, రెండు చేతులా?" అని ఒక రెక్కలాయన అడిగాడు.

"సమ్మతి సంపూర్ణముగా ఉండవలెను. రెండు చేతులును."

చేతులు లేచాయి. పచ్చ చేతులు, నల్ల తొడుగుల చేతులు, బజ్జీ పట్టుకున్న చేతులు. కుర్చీల్లో గౌరవంగా కూర్చున్న వీరులు కూడా ఎత్తారు. కార్యదర్శిగారు హాలునంతా తృప్తిగా ఒకసారి కలయజూశారు. తర్వాత విధిగా వెనక్కి, వేదిక మీదున్నవాళ్లవైపు తిరిగారు.

అప్పలస్వామి రెండు చేతులూ ఎత్తాడు. అతన్ని చూసి రెండోవాడు కూడా ఎత్తాడు.

దభేలుమన్న శబ్దం బయట బజ్జీల బండిదాకా వినిపించిందంటారు.

నవ్వులు పైకప్పుని తాకాయి. కింద వెల్లకిలా ఉన్న మాస్టారు అలవాటు ప్రకారం కళ్లు పైకెత్తి చూశారు. గురువమ్మ మొహం కనిపించింది. మంగతాయారు పెదవులు బిగబట్టి ఉంది, బుగ్గలు కూడా పొంగాయి, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. కాని అది నవ్వు కాదు. ఆవిడ ఆవిడే. ఇంకొకరు కారు.

అప్పుడు ఆ సంగతి మాస్టారిదాకా వచ్చింది.

లేచి దండం పెట్టాలి. ఆయన లేవలేదు. చప్పట్లు మోగి, తగ్గి, మళ్లీ మోగాయి. జనం ఇది కూడా ఐటెంలో భాగమే అనుకున్నారు.

"లెగండి మాస్టారూ," అంది మంగతాయారు మెల్లగా.

"ఉండమ్మా. ఇంకాసేపు."

ఆయన కళ్లజోడు ఊడి పక్కన పడి ఉంది. రెండు కణతల మీంచీ నీళ్లు జంపఖానాలోకి జారుతున్నాయి. కార్యదర్శిగారు ఇబ్బందిగా పక్కన మోకాళ్లమీద కూర్చున్నారు. అలవాటు కొద్దీ కలం తీశారు.

"దెబ్బ ఏమైనా తగిలినదా?"

"తగిలిందండి."

"ఎప్పుడు?"

"శ్రావణంలోనండి."

కార్యదర్శిగారు కలం మూత పెట్టేశారు. పక్కన పడ్డ కళ్లజోడు తీసి, తన ఉత్తరీయంతో తుడిచి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా మాస్టారి చేతిలో పెట్టారు.

"నెమ్మదిగానే లేవండి, తొందరేం లేదు," అన్నారు మామూలు తెలుగులో.

అప్పలస్వామి చేతులు ఇంకా దించలేదు.